నారుమడి లెక్క: బేస్‌బాల్ సిమ్యులేటర్‌లో పిచర్లకూ బ్యాటర్లకూ తూకం కుదిర్చిన డైరీ

ఏప్రిల్ 5

ఏడాదిన్నరగా రాత్రిపూట రాసుకుంటూ వస్తున్న నా బేస్‌బాల్ సిమ్యులేటర్ మ్యాచ్‌లను చక్కగా ఆడిస్తోంది గానీ, ఆటగాళ్ళను పెంచలేకపోతోంది. ఒక్క సీజన్ నడిపితే పరుగులూ, స్ట్రైకౌట్లూ, హోమ్ రన్లూ నమ్మదగ్గట్టే వస్తున్నాయి. వరుసగా పది సీజన్లు నడిపితే మాత్రం కింది జట్లు ఎండిపోయి, ఆరో ఏడు వచ్చేసరికి పై జట్టుకు పంపడానికి పనికొచ్చే పిచర్ ఒక్కడూ మిగలడం లేదు. లోపం మ్యాచ్ ఇంజిన్‌లో లేదనీ, ఏ స్థాయిలో ఎవరిని ఎంతమందిని ఉంచాలన్న లెక్కలోనే ఉందనీ నా అనుమానం. ఆ లెక్కను మొదటినుంచి కట్టే పనికి ఇవాళ కూర్చున్నాను. చేసిందీ చెడగొట్టిందీ ఇక్కడే రాసిపెడతాను.

క్రికెట్ మాత్రమే తెలిసినవారి కోసం రెండు ముక్కలు. బంతి విసిరేవాడు పిచర్. మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్; ముగ్గురు బ్యాటర్లు అవుటయ్యేదాకా విసిరితే పిచర్ ఖాతాలో ఒక ఇన్నింగ్. మిగిలిన ఎనిమిది స్థానాల్లో ఫీల్డింగ్ చేస్తూ బ్యాటింగ్ కూడా చేసేవారినీ, ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగుకు మాత్రమే దిగే డీహెచ్‌నూ కలిపి పొజిషన్ ప్లేయర్లంటారు. 2022 నుంచి అమెరికాలో పై స్థాయి అయిన మేజర్ లీగులు రెండింటా డీహెచ్ నిబంధన అమలవుతోంది కాబట్టి పిచర్ బ్యాటు పట్టాల్సిన అవసరమే పోయింది. అందుచేత ఈ డైరీలో పొజిషన్ ప్లేయర్లను బ్యాటర్లనే అంటాను. మన ఆటలో బౌలర్ పదకొండో నంబరులోనైనా బ్యాటు పట్టుకుని వస్తాడు. ఇక్కడ షోహెయి ఒహ్తాని వంటి అరుదైనవాణ్ణి పక్కన పెడితే ఇద్దరి దారులూ పూర్తిగా వేరు, పెరిగే తీరు వేరు, పాడయ్యే తీరు ఇంకా వేరు.

ఫార్మ్ సిస్టమ్ అంటే మన మాటలో నారుమడి. సొంతంగా చిన్న జట్లను నడిపి, కుర్రవాళ్ళను అక్కడ పెంచి పైకి తెచ్చుకోవడమన్న పద్ధతిని 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో బ్రాంచ్ రికీ ఒక వ్యవస్థగా నిలబెట్టాడు. ఎక్కువమందిని చేర్చుకుంటే వారిలోంచే మేలిరకం తేలుతుందన్నది ఆయన నమ్మకం. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. 2021 పునర్వ్యవస్థీకరణతో ఒక్కో మేజర్ జట్టుకు పూర్తి సీజన్ ఆడే అనుబంధ జట్లు నాలుగే మిగిలాయి; పై నుంచి కిందికి: ట్రిపుల్-ఎ, డబుల్-ఎ, హై-ఎ, సింగిల్-ఎ. వాటి కింద ఫ్లోరిడాలోనో అరిజోనాలోనో కాంప్లెక్స్ లీగు జట్టు, డొమినికన్ రిపబ్లిక్‌లో వేసవి లీగు ఉంటాయి. అమెరికా గడ్డ మీద ఒక సంస్థ తన చేతిలో ఉంచుకోదగిన మైనర్ (కింది స్థాయి) లీగు ఆటగాళ్ళ సంఖ్యకు 2024 నుంచి 165 అన్న హద్దు కూడా వచ్చింది. అంతకు ముందు అది 180. కాబట్టి నా మడి విస్తీర్ణం 165, అందులో ఎవరి నారు ఎంత పోయాలన్నదే ప్రశ్న.

ఇప్పటిదాకా నేను చేసిన లెక్క ఇది. ఆటగాడి విలువను గెలుపుల్లో కొలిచే వార్ అనే సూచీని ప్రచురించే ఫ్యాన్‌గ్రాఫ్స్ వారు ఒక సీజన్ మొత్తం విలువను వెయ్యిగా తీసుకుని, అందులో 57 శాతం బ్యాటర్లకూ, 43 శాతం పిచర్లకూ పంచుతారు. విలువ అలా ఉంది కదా అని నేను ప్రతి జట్టులోనూ మనుషులను కూడా అదే పాళ్ళలో పంచేశాను. ఆ రోజు అది ఎంతో తెలివైన పని అనిపించింది.

ఏప్రిల్ 12

పాత కోడు తెరిచి చూస్తే మొదటి దెబ్బ అక్కడే తగిలింది. సింగిల్-ఎ, హై-ఎ జట్లకు ముప్పై మంది చొప్పున, ట్రిపుల్-ఎ, డబుల్-ఎ జట్లకు ఇరవై ఎనిమిది మంది చొప్పున చోటుంటుంది. ముప్పైలో 43 శాతం అంటే 12.9. పైథాన్‌లో పూర్ణాంకంగా మార్చమన్నప్పుడు దశాంశం తెగిపోయి 12 మిగిలింది. ఇరవై ఎనిమిదిలో 43 శాతం కూడా పన్నెండే. అంటే నాలుగు జట్లలోనూ పన్నెండేసి మంది పిచర్లు, మొత్తం నలభై ఎనిమిది మంది. మిగిలిన అరవై ఎనిమిది మంది బ్యాటర్లు.

పన్నెండు మంది పిచర్లతో సింగిల్-ఎ జట్టు 132 మ్యాచ్‌ల సీజన్‌ను ఎలా ఈదిందో చూద్దామని లాగ్ ఫైలు చదివితే, ఆగస్టు నెలలో ఒక వింత పేరు మాటిమాటికీ కనిపించింది. బి-031 అనే ఆ కుర్రవాడు మూడో వరుస ఫస్ట్ బేస్‌మన్ (మొదటి బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసేవాడు). ఆ ఒక్క నెలలోనే నలభై ఇన్నింగ్స్ విసిరాడు. ఎక్కడిదీ ఘనకార్యమని వెతికితే తేలిందేమంటే, పిచర్లందరూ అలసిపోయో గాయపడో ఉన్నప్పుడు ఎవరో ఒకరు విసరాలి కదా అని నేను రాసిన అత్యవసర ఫంక్షన్, ఖాళీగా ఉన్న బ్యాటర్లలో వరుస నంబరు తక్కువ ఉన్నవాణ్ణి ఎంచుకుంటోంది. ముందు నంబర్ల వాళ్ళు తుది జట్టులో ఆడుతున్నారు. బెంచి మీద ఉన్నవాళ్ళలో మొదటివాడు ప్రతిరోజూ ఇతనే. అసలు బేస్‌బాల్‌లోనూ ఓడిపోతున్న మ్యాచ్ చివర ఒక ఇన్నింగ్ బ్యాటర్ చేత వేయించడం ఉంది గానీ, నలభై ఇన్నింగ్స్ ఎవరూ వేయించరు. ఆ ఫంక్షన్‌ను సరిచేయడం పది నిమిషాల పని. కాని అది అన్నిసార్లు ఎందుకు పిలవబడిందన్నదే అసలు జబ్బు.

ఏప్రిల్ 19

ఈ వారం ఒక్క పిచర్ వెంటే తిరిగాను. పి-117కు పంతొమ్మిదేళ్ళు. స్కౌట్లు వాడే 20 నుంచి 80 దాకా ఉండే కొలబద్ద మీద ఇతని ఫాస్ట్‌బాల్ 60, నియంత్రణ 40. మేజర్ లీగు సగటు 50 కాబట్టి, బంతికి వేగం ఉంది, గురి ఇంకా కుదరలేదు అని అర్థం. ఇలాంటి కుర్రవాణ్ణి ఓపికగా పెంచితే నాలుగేళ్ళలో పైకొస్తాడు. నా సిమ్యులేటర్ అతనికి ఏం చేసిందో లాగ్‌లో ఉన్నది ఉన్నట్టు చెబుతాను: జూన్ 3న 68 బంతులు, 6న 41, 7న 22, 10న 74. మరుసటి వరుసలో "మోచేయి, లిగమెంటు" అని ఉంది.

ఆ గాయానికి చేసే శస్త్రచికిత్సను 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కు చేశాడు. జాన్ 1976లో తిరిగి ఆడాడు, ఆపరేషన్‌కు అతని పేరే నిలిచింది. ఈ రోజుల్లో కూడా కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది కాబట్టి, నా మోడల్‌లో పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల మధ్య యాదృచ్ఛికంగా ఒక సంఖ్య తీసుకుంటాను. పి-117కు పదిహేడు నెలలు వచ్చాయి. తిరిగొచ్చేసరికి ఇరవై ఒకటి దాటింది, నియంత్రణ 40 దగ్గరే ఆగిపోయింది.

నలభై ఎనిమిది మంది పిచర్లలో ఇలాంటివారు పదిహేను మంది దాకా ఉన్నారు. ఒకడు పడిపోతే అతని ఇన్నింగ్స్ మిగతావాళ్ళ మీద పడతాయి, వాళ్ళు మరింత అలసిపోతారు, వాళ్ళలో ఇంకొకడు పడిపోతాడు. కరెంటు లైన్లలో ఒకటి తెగితే ఆ లోడు పక్క లైను మీద పడి అదీ తెగినట్టు, వ్యవస్థ మొత్తం జూన్, ఆగస్టుల మధ్య కుప్పకూలుతోంది. పిచింగ్ ప్రాస్పెక్ట్ (పైకొస్తాడనిపించే కుర్ర పిచర్) అనేది అసలు లేనే లేదని బేస్‌బాల్ లోకంలో ఒక పాత చతురోక్తి ఉంది. అది గాయాల అనిశ్చితిని గురించి చెప్పిన మాట. నా దగ్గర మాత్రం అనిశ్చితి ఏమీ లేదు, నేనే చేజేతులా విరగ్గొడుతున్నాను.

మే 3

నార్త్ కెరోలైనాలో నేనుండే కేరీ నుంచి డర్హమ్ బుల్స్ మైదానం అరగంట దూరం. టాంపా బే రేస్ జట్టుకు 1998 నుంచి ట్రిపుల్-ఎ అనుబంధ జట్టు ఇదే. ఎం.ఎస్. చదువుతున్న మా బావమరిదిని నిన్న సాయంత్రం అక్కడికి తీసుకెళ్ళాను. ఎడమవైపు ముప్పై రెండు అడుగుల నీలం గోడ, దాని పైన కళ్ళు ఎర్రగా వెలిగే ఎద్దు బొమ్మ చూసి ముచ్చటపడ్డాడు గానీ, రెండో ఇన్నింగ్‌కల్లా అతని చూపు మా ముందు వరుసలో కూర్చున్న మనిషి మీద పడింది. జట్టు చొక్కా వేసుకుని, ఒడిలో అట్ట పెట్టుకుని, పడిన ప్రతి బంతినీ రాసుకుంటున్నాడతను.

"ఎవరు బావా ఇతను, ఆటకొచ్చి ఆఫీసు పని చేస్తున్నాడు?"

"నిన్న బంతులేసిన పిచర్. ఇవాళ అతనికి విశ్రాంతి, అందుకని లెక్క రాయడానికి కూర్చోబెట్టారు."

"నిన్న ఎన్ని వేశాడేంటి?"

"ఎనభై చిల్లర. మళ్ళీ వచ్చే వారమే."

"ఎనభై బంతులకు వారం సెలవా! తెనాలిలో నేను పొద్దున ఒక మ్యాచ్, సాయంత్రం ఒక మ్యాచ్ వేసేవాణ్ణి."

"అందుకే ఇప్పుడు నీ చెయ్యి భుజం దాటి లేవడం లేదు."

నవ్వేశాడు గానీ, తరవాత ఐదో ఇన్నింగ్ దాకా ఏదో ఆలోచిస్తూ కూర్చుని ఒక మాటన్నాడు. "అయితే బావా, బ్యాటర్‌కు రోజూ ఆడితేనే పదును, వీళ్ళకేమో రోజూ ఆడితే చేటు. ఇద్దర్నీ ఒకే పాళ్ళతో ఎట్లా పంచావు?" ఏడాదిన్నర నుంచి నేను అడగని ప్రశ్న అది. ఇంటికొచ్చాక పన్నెండు దాటినా నిద్ర పట్టలేదు.

మే 4

మనుషులను కాదు, పనిని లెక్కపెట్టాలి. రాత్రి కాగితం మీద వేసిన లెక్క ఇది.

ట్రిపుల్-ఎ జట్టు సీజన్‌కు 150 మ్యాచ్‌లు ఆడుతుంది, డబుల్-ఎ 138, హై-ఎ, సింగిల్-ఎ చెరి 132. మొత్తం 552. మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్ చొప్పున పిచర్లు మోయాల్సిన బరువు 4,968 ఇన్నింగ్స్. ఒకే రోజు రెండు మ్యాచ్‌లుండే డబుల్ హెడర్లలో ఏడేసి ఇన్నింగ్సే ఆడతారు, కొన్ని మ్యాచ్‌లు అదనపు ఇన్నింగ్స్‌కు పోతాయి. ఆ తేడాలను వదిలేశాను. ఇక బ్యాటింగ్ వరుసలోనూ తొమ్మిది స్థానాలే కాబట్టి, బ్యాటర్లకు పంచడానికి ఉన్న చోట్లు కూడా సరిగ్గా 4,968. రెండు వైపులా ఒకే అంకె వచ్చేసరికి కాసేపు కాగితం కేసి చూస్తూ ఉండిపోయాను. రెండు కుప్పల పరిమాణం ఒకటే. కాకపోతే ఒక కుప్ప పిచర్ల నెత్తిన పెట్టే బరువు, రెండోది బ్యాటర్లకు పెట్టే తిండి. బరువును ఎక్కువమందికి పంచాలి, తిండిని తక్కువమందికి పంచాలి.

నా పాత పంపకంలో నలభై ఎనిమిది మంది పిచర్లకు తలకు 103 ఇన్నింగ్స్ పైచిలుకు పడ్డాయి. మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టర్ ఒకడికి అది మామూలే గానీ, మధ్యలో వచ్చే రిలీవర్లతో కలిపి సగటు అంత అంటే దారుణం. అరవై ఎనిమిది మంది బ్యాటర్లకు తలకు 73 మ్యాచ్‌లు వచ్చాయి; పంతొమ్మిదేళ్ళవాడికి అది సగం సీజన్. పిచర్లు తక్కువై పిచర్లు చెడ్డారు, బ్యాటర్లు ఎక్కువై బ్యాటర్లు చెడ్డారు. నారు ఒత్తుగా పోస్తే పిలక సన్నబడుతుందని మా తాతగారు కళ్ళముందు మడి చూపించి చెప్పేవారు. ఇక్కడ సన్నబడింది బ్యాటర్ల పిలక.

మే 10

సింగిల్-ఎ ముప్పై మందిని మూడు రకాలుగా పంచి చూశాను. సగం సగంగా పదిహేను, పదిహేను పెడితే 1,188 ఇన్నింగ్స్‌కు పిచర్ తలకు 79 వస్తాయి, 1,188 చోట్లకు బ్యాటర్ తలకూ 79 మ్యాచ్‌లే వస్తాయి. చూడడానికి ఎంతో న్యాయంగా ఉన్న ఈ పంపకం ఇద్దరికీ అన్యాయమే: కుర్ర పిచర్‌కు 79 ఎక్కువ, కుర్ర బ్యాటర్‌కు 79 తక్కువ. పద్దెనిమిది మంది పిచర్లు, పన్నెండు మంది బ్యాటర్లు అనుకుంటే పిచర్‌కు 66 ఇన్నింగ్స్, బ్యాటర్‌కు 99 మ్యాచ్‌లు. వరుసలో ఒక చోటుకు మ్యాచ్‌కు నాలుగు సార్లకు కాస్త పైన బ్యాటింగ్ వస్తుంది కాబట్టి, 99 మ్యాచ్‌లంటే నాలుగు వందల సార్లకు పైగా క్రీజులో నిలబడటం. ఆ మాత్రం తిండి ఉంటేనే నా మోడల్‌లో బ్యాటింగ్ రేటింగు కదులుతుంది.

పద్దెనిమిది మంది ఎలా సర్దుకుంటారో కూడా రాసుకున్నాను. 2021 నుంచి మైనర్ లీగుల్లో ఒక ప్రత్యర్థితో మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు మ్యాచ్‌లు వరుసగా ఆడి సోమవారం సెలవు తీసుకునే పద్ధతి వచ్చింది. ఆరుగురు స్టార్టర్ల రొటేషన్ దీనికి చక్కగా అతుకుతుంది. ఎవరి వారం వాళ్ళది. ఒక్కొక్కరు 22 మ్యాచ్‌లు మొదలుపెట్టి నాలుగేసి ఇన్నింగ్స్ వేస్తే 528. వారి వెనకే జతగా దిగే ఇంకో ఆరుగురు మూడేసి ఇన్నింగ్స్ వేస్తే 396. మిగిలిన 264 ఇన్నింగ్స్‌ను ఆరుగురు రిలీవర్లు నలభై నాలుగేసి చొప్పున పంచుకుంటారు. జత పిచర్ల ఏర్పాటు నేను కనిపెట్టింది కాదు, చాలా సంస్థలు కింది స్థాయిలో వాడేదే. దీంట్లో ఇంకో సుగుణం కూడా ఉంది: ఒకడు జారిపడితే అతని జతగాడు ముందుకు జరుగుతాడు, రిలీవర్ ఒకడు జత స్థానంలోకి వస్తాడు, పక్కవాడి మీద ఒక్కసారిగా బరువు పడదు.

పైకి వెళ్ళేకొద్దీ పిచర్ల సంఖ్య తగ్గాలి, ఎందుకంటే చోటు ఇరవై ఎనిమిదే, చేతులు కూడా గట్టిపడి ఉంటాయి. హై-ఎకు పదిహేడు, డబుల్-ఎ, ట్రిపుల్-ఎలకు పదిహేనేసి. నాలుగు జట్లలో కలిపి పిచర్లు 65, బ్యాటర్లు 51. 165లో మిగిలిన నలభై తొమ్మిది చోట్లు కాంప్లెక్స్ జట్టుకూ, గాయపడినవారికీ. వాటిలో ఇరవై ఏడు పిచర్లకిచ్చాను. మొత్తం 92 మంది పిచర్లు, 73 మంది బ్యాటర్లు. అంటే ఇంచుమించు 56 : 44. విలువ పంచేటప్పుడు బ్యాటర్లకు 57, మనుషులను పంచేటప్పుడు పిచర్లకు 56! నేను తిరగేసి పట్టుకున్నది సరిగ్గా ఈ అద్దాన్నే.

మే 17

కొత్త పంపకంతో పదేసి సీజన్ల చొప్పున నలభై సార్లు నడిపాను. పాత పంపకాన్ని కూడా అవే సీడ్లతో (యాదృచ్ఛిక సంఖ్యలకు మొదలైన అంకెలతో) పక్కనే నడిపాను, లేకపోతే తేడా లెక్కదా, అదృష్టానిదా అన్నది తెలియదు. జూన్‌లో మొదలై ఆగస్టుకు ముగిసే ఆ కుప్పకూలడం పోయింది. బి-031 నలభై సార్లలో ఒక్కసారీ పిచింగ్ చేయలేదు. పి-117 నలభైలో ఇరవై తొమ్మిది సార్లు డబుల్-ఎ చేరాడు.

కాని ట్రిపుల్-ఎ ఇంకా కుంటుతోంది. పదిహేను మందికి 1,350 ఇన్నింగ్స్ అంటే తలకు తొంభై. అంతేగాక ఆ పదిహేను మందీ అక్కడ నిలకడగా ఉండరు. ఇది ఆటగాళ్ళను పెంచే చోటు ఎంతో, పై జట్టుకు సరుకు నిలవుంచే కొట్టు కూడా అంతే. 2022 జూన్ నుంచి మేజర్ జట్టు తన ఇరవై ఆరు మందిలో పదమూడు మందిని మించి పిచర్లను ఉంచుకోకూడదు. ఆ పదమూడు మందీ అలసిపోతే కొత్త చేయి కావాలి. రాత్రి మూడు ఇన్నింగ్స్ వేసినవాణ్ణి పొద్దున కిందికి పంపి, కింద తాజాగా ఉన్నవాణ్ణి రప్పిస్తారు. ఈ రాకపోకలు మరీ మితిమీరకుండా, కిందికి పంపిన పిచర్ పదిహేను రోజులైనా అక్కడే ఉండాలనీ, బ్యాటర్‌కైతే పది రోజులు చాలనీ నిబంధన పెట్టారు. నా కోడులో ఇద్దరికీ పది రోజులే రాసి ఉంది. పదిహేనుకు మార్చగానే పై జట్టు ఒకే ఇద్దరు ముగ్గుర్ని మార్చి మార్చి పిలవడం మానేసి, ఆరేడుగురిని తిప్పుకోవడం మొదలుపెట్టింది. దానితో డబుల్-ఎ నుంచి పైకి లాగడమూ పెరిగింది. ఒక అంకె మారిస్తే మూడు అంతస్తుల్లో కదలిక.

మే 31

ఇప్పుడు డ్రాఫ్ట్, అంటే ఏటా జట్లు వంతులవారీగా కొత్త కుర్రవాళ్ళను ఎంచుకోవడం. 2021 నుంచి ఇరవై రౌండ్లే. 2019 దాకా నలభై ఉండేవి. మడి నిండా పిచర్లే ఎక్కువ కావాలి కదా అని ఇరవైకి ఇరవై పిచర్లనే తీసుకుంటే ఏమవుతుంది? ఇది కొంటె ప్రశ్నేమీ కాదు, 2021లో లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ సరిగ్గా అదే చేశారు. మొదటి రౌండులో తొమ్మిదో ఎంపికగా శామ్ బాక్‌మన్ మొదలుకొని చివరి రౌండు దాకా అందరూ పిచర్లే. వారిలో పదకొండో రౌండువాడైన చేజ్ సిల్సెత్ 2022 మే నెలలోనే మేజర్ లీగులో విసిరాడు. ఆ ఏటి డ్రాఫ్ట్ నుంచి అందరికంటే ముందు పైకొచ్చింది అతనే. మరుసటి ఏడు మాత్రం ఏంజెల్స్ మొదటి ఎంపికను జాక్ నెటో అనే షార్ట్‌స్టాప్‌కు (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే బ్యాటర్‌కు) ఇచ్చారు.

దీనికి ఎదురుగా షికాగో కబ్స్ దారి ఉంది. 2012 నుంచి 2015 దాకా వరుసగా నాలుగేళ్ళు వారి మొదటి ఎంపిక బ్యాటరే: అల్మోరా, బ్రయంట్, ష్వార్బర్, హాప్. పిచర్ల కోసం బజారుకు వెళ్ళారు. కైల్ హెండ్రిక్స్‌ను టెక్సాస్ నుంచీ, జేక్ ఆరియెటాను బాల్టిమోర్ నుంచీ మార్పిడిలో తెచ్చుకున్నారు; జాన్ లెస్టర్‌కు ఆరేళ్ళకు 15.5 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. 1908 తరవాత మళ్ళీ 2016లో ప్రపంచ సిరీస్ గెలిచారు.

రెండు పద్ధతులనూ మోడల్‌లో పెట్టాను. అన్నీ పిచర్లనే తీసుకునే పద్ధతి ఒక్క ఏటికి బాగానే ఉంది. మూడేళ్ళు వరుసగా చేస్తే డబుల్-ఎలో షార్ట్‌స్టాప్ లేక ఇరవై తొమ్మిదేళ్ళ తాత్కాలిక ఆటగాణ్ణి కూలికి తెచ్చినట్టు తెచ్చుకోవాల్సి వచ్చింది. మొదటి రౌండ్లు బ్యాటర్లకూ, తరవాతి రౌండ్లు ఎక్కువగా పిచర్లకూ ఇచ్చే పద్ధతి నిలకడగా గెలిచింది. కారణం వెతికితే నేను పెట్టిన ఊహల్లోనే ఉంది: మేటి బ్యాటర్లు డ్రాఫ్ట్ పైభాగంలోనే కేంద్రీకృతమై ఉంటారు, మంచి పిచర్లు కింది రౌండ్లలోనూ చెదురుమదురుగా దొరుకుతారు. అది గాలి ఊహ కాదు. షేన్ బీబర్‌ను క్లీవ్‌లాండ్ 2016లో నాలుగో రౌండులో తీసుకుంది. 2020లో అతను, లీగులో ఆ ఏటి మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. జేకబ్ డిగ్రామ్‌ను మెట్స్ 2010లో తొమ్మిదో రౌండులో తీసుకున్నారు; అతనికి ఆ అవార్డు రెండుసార్లు వచ్చింది. అయినా నా ఊహే నా జవాబును ముందే రాసిపెట్టింది కాబట్టి, ఈ ఫలితాన్ని చూసి మరీ మురిసిపోదలచుకోలేదు.

జూన్ 7

డిగ్రామ్ పేరు రాశాక గుర్తొచ్చింది: కాలేజీలో అతను ప్రధానంగా షార్ట్‌స్టాప్. కెన్లీ జాన్సెన్, పిచర్ విసిరే బంతిని పట్టే క్యాచర్‌గా ఏళ్ళు గడిపి, 2009లో పిచర్‌గా మారి, 2010లోనే మేజర్ లీగుకు వచ్చాడు. అంటే రెండు మడుల మధ్య గట్టు తెగుతుంది, అదీ ఎక్కువగా బ్యాటర్ల వైపు నుంచే. ఇరవై రెండేళ్ళు దాటి, బ్యాటింగ్ 35 దాటక, చేతి బలం మాత్రం 60కి పైన ఉన్న బ్యాటర్‌కు పిచర్‌గా మారే అవకాశం ఇచ్చాను. ఏడాదికి ఇద్దరు ముగ్గురు మారుతున్నారు, వారిలో చాలామంది హై-ఎ దాటరు. పర్వాలేదు, 92 చోట్లు నింపడానికి డ్రాఫ్ట్ మీద ఒత్తిడి కాస్త తగ్గింది.

బ్యాటర్లలో కూడా ఒక వాలు ఉంది. షార్ట్‌స్టాప్‌గా ఆడగలిగినవాడు సెకండ్ బేస్‌కో, థర్డ్ బేస్‌కో, ఔట్‌ఫీల్డ్‌కో జరగగలడు. ఫస్ట్ బేస్‌మన్ షార్ట్‌స్టాప్‌కు రాలేడు. నీరు పల్లానికే పోతుంది. ఇన్‌ఫీల్డర్‌గా 2011లో ఐదో రౌండులో డ్రాఫ్ట్ అయిన మూకీ బెట్స్ ఔట్‌ఫీల్డర్‌గా పేరు తెచ్చుకోవడం ఆ వాలు వెంట నడకే. మళ్ళీ ముప్పై దాటాక డాడ్జర్స్‌కు షార్ట్‌స్టాప్ ఆడటం మాత్రం ఎదురీత, అందరికీ సాధ్యమయ్యేది కాదు. కాబట్టి పన్నెండు మంది బ్యాటర్లతోనే సింగిల్-ఎ జట్టు బతకాలంటే, వారిలో ముగ్గురైనా షార్ట్‌స్టాప్ ఆడగలవారై ఉండాలన్న షరతు పెట్టాను. ఫస్ట్ బేస్ మాత్రమే ఆడగలవాడు జట్టుకు ఒక్కడే. బి-031ను ఈ నిబంధనే ఇంటికి పంపింది. ఆ నలభై ఇన్నింగ్స్ చూసినవాణ్ణి కాబట్టి కొంచెం బాధేసింది.

జూన్ 14

మూడు రాత్రులుగా అంతా బాగుంది అనుకుంటుండగా, ఆగస్టు నెలలో క్యాచర్ల రేటింగులు అన్ని స్థాయిల్లోనూ ఒకేసారి జారిపోతున్నట్టు గ్రాఫులో కనిపించింది. మోకాళ్ళ అలసట అంకె చూస్తే అందరిదీ హద్దు దాటింది. మ్యాచ్‌లలో మాత్రం వాళ్ళెవరూ ఆరింట నాలుగుకు మించి ఆడటం లేదు, అది సబబే.

కారణం దొరకడానికి ఆదివారం సాయంత్రమైంది. పిచర్ మ్యాచ్ లేని రోజుల్లో కూడా బుల్‌పెన్‌లో (పిచర్లు చేయి వేడెక్కించుకునే చోట) కొన్ని బంతులు విసురుకుంటాడు. ఆ బంతులు పట్టడానికి అటువైపు ఒక క్యాచర్ కూర్చోవాలి. ఆ పనిని నేను చాలా కాలం క్రితమే ముచ్చటపడి కోడులో రాసి మరిచిపోయాను. అప్పట్లో జట్టుకు పన్నెండు మంది పిచర్లు; ఇప్పుడు పదిహేను నుంచి పద్దెనిమిది మంది. సింగిల్-ఎలోనైతే పిచర్లను సగానికి సగం పెంచాను గానీ, వాళ్ళ ఎదుట గొంతుక్కూర్చునేవాళ్ళను జట్టుకు ఇద్దరి దగ్గరే వదిలేశాను. నిజమైన సంస్థలు క్యాచర్లను అవసరానికి మించి ఎందుకు చేర్చుకుంటాయో, బ్యాటింగ్ అంతంతమాత్రంగా ఉన్న క్యాచర్ ఎందుకు ఏళ్ళ తరబడి ఉద్యోగం నిలబెట్టుకుంటాడో ఇప్పుడు బోధపడింది.

మూడో క్యాచర్‌ను పెట్టాలంటే సింగిల్-ఎ పన్నెండు మందిలోంచి ఒక చోటు తీసుకోవాలి. అతను వారానికి ఒక్క మ్యాచ్ ఆడి మిగతా రోజులు బుల్‌పెన్‌లోనే కూర్చుంటే, అతని వాటా తిండి తక్కిన పదకొండు మందికి పోతుంది, తలకు 106 మ్యాచ్‌ల దాకా పెరుగుతాయి. అది వాళ్ళకు మేలే. కాకపోతే షార్ట్‌స్టాప్ షరతు, ఫస్ట్ బేస్ షరతు, ముగ్గురు క్యాచర్లు అన్నీ కలిసి ఔట్‌ఫీల్డ్‌లో నాలుగో మనిషికి చోటు లేకుండా చేస్తున్నాయి. సెకండ్ బేస్ ఆడే బి-064కు ఔట్‌ఫీల్డ్ నేర్పించే వరుస రాసి, నలభై సార్లూ మళ్ళీ నడపడం మొదలుపెట్టి పడుకోబోతున్నాను. ల్యాప్‌టాప్ ఫ్యాను పొద్దుటిదాకా మోగుతూనే ఉండేట్టుంది.